బరువు తగ్గింది, కొవ్వు పెరిగిందంటోంది కాటా: ఇదెలా సాధ్యం?

పద్మావతిపురం అమ్మ (తిరుపతి), సోమవారం రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోయేదాన్ని, రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే మన్నించండి.

మా చిన్నమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. ఏడాదిన్నరగా తిండి తగ్గించుకుంటూ వచ్చింది. మొదట్లో పరీక్షల బెంగ అనుకున్నాం. పోయిన నెల మెట్లెక్కుతూ కళ్లు తిరిగి పడిపోతే ఆసుపత్రిలో చేర్చాం. అనొరెక్సియా అన్నారు, లావైపోతామన్న భయంతో తిండి మానేసే మానసిక జబ్బట. మా అత్తగారు ఇప్పటికీ దిష్టి అనే అంటున్నారు, ఆవిడతో వాదించే ఓపిక నాకు లేదు. పద్దెనిమిది రోజులు ఉంచుకుని ఇంటికి పంపారు.

ఇంటికి వచ్చాక మావారు ఆన్‌లైన్‌లో ఒక కాటా తెప్పించారు. దాని మీద నిలబడితే బరువు, కొవ్వు, కండ, నీరు, ఎముక అన్నీ విడివిడిగా ఫోనులో కనిపిస్తాయి. మొదటి వారం రెండు కిలోలు పెరిగింది. కండ పెరిగింది, కొవ్వు శాతం తగ్గింది అని చూపించింది. సంతోషించాం. ముఖం కాస్త నిండినట్టు ఉంది, కాళ్ల మీద మేజోళ్ల గీత లోతుగా పడుతోంది. రెండో వారం రాత్రిళ్లు నాలుగైదు సార్లు బాత్రూముకు లేచింది. బరువు కిలోన్నర తగ్గింది. తగ్గిన రోజే కాటా మాత్రం కొవ్వు మూడు శాతం పెరిగిందని చెప్పింది.

"చూశావా, నువ్వు పోసిన నెయ్యంతా ఎక్కడికి పోయిందో" అని కంచం పక్కకు జరిపేసింది. నిన్నటి నుంచి మజ్జిగ తప్ప ఏమీ ముట్టలేదు. ఆమె ఇప్పుడు [ఈ అంకెలు తొలగించాము: మోడరేటర్].

బరువు తగ్గినప్పుడు కొవ్వు పెరగడం ఎలా? కాటా అబద్ధం చెబుతోందా, మేమే తప్పు చేస్తున్నామా?

ఇంకొకటి, ఇక్కడ అడగవచ్చో లేదో తెలియదు. బిడ్డ కోలుకుంటే కొండ మీద బెల్లంతో తులాభారం ఇస్తానని మొక్కుకున్నాను. ఆ మాట ఎత్తితేనే గదిలోకి వెళ్లి గడియ వేసుకుంటోంది.

---

మోడరేటర్, సోమవారం రాత్రి 10:58

అమ్మా, స్వాగతం. మనిషి బరువు, కొలతలు, ఎన్ని క్యాలరీలు తింటున్నారు అన్న అంకెలు ఈ విభాగంలో ఉంచము. ఇదే జబ్బుతో బాధపడుతున్న పిల్లలు చదివి పోల్చుకుంటారు. పెరుగుదల, తగ్గుదల గురించి రాయవచ్చు. అమ్మాయి రేపు కూడా తినకపోతే ఇక్కడి జవాబుల కోసం ఆగకుండా చూసిన డాక్టరుకు ఫోను చేయండి. రాత్రివేళ ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడతారు.

---

మామిడితోట (చిత్తూరు), సోమవారం రాత్రి 11:05

బ్యాటరీ మార్చి చూడండి.

---

ఉక్కుభుజం (తిరుపతి), మంగళవారం ఉదయం 5:50

జిమ్ నడుపుతున్నాను, రోజుకు నలభై మందిని ఇలాంటి కాటా ఎక్కిస్తాను. అది అబద్ధం చెప్పదు. కదలకుండా కూర్చోబెట్టి నెయ్యి పోస్తే కండ కరిగి కొవ్వు చేరుతుంది, అంతే లెక్క. ఉదయం అరగంట బరువులు ఎత్తించండి, ప్రొటీన్ పొడి ఇవ్వండి.

---

మళ్లీ మొలక (తిరుపతి), మంగళవారం ఉదయం 6:20

ఉక్కుభుజం గారూ, ఆ సలహా వెనక్కి తీసుకోండి. ఆసుపత్రి నుంచి వచ్చి రెండు వారాలే అయిన పిల్ల అది. ఆ దశలో గుండె కండరం కూడా చిక్కిపోయి ఉంటుంది. నాకు నాడి నిమిషానికి నలభైకి దిగిపోయిన రోజుల్లో కూడా వ్యాయామం చేసేదాన్ని, ఎందుకంటే మీలాంటి ఒకాయన కాటా చూసి "ఇంకా కాస్త కొవ్వుంది" అన్నారు. ఆ ఒక్క మాట నాలో నాలుగేళ్లు ఉండిపోయింది.

అమ్మా, మీకు విడిగా రాస్తాను. కాటా సంగతి తెలిసినవాళ్లు ముందు చెప్పనివ్వండి.

---

ఎలక్ట్రోడు (చిత్తూరు), మంగళవారం ఉదయం 9:15

ఆసుపత్రి పరికరాలు బాగు చేయడం నా వృత్తి. ఇలాంటి యంత్రాలు విప్పి చూశాను కాబట్టి లోపల ఏముందో చెబుతాను: బరువు తూచే భాగం ఒకటి, పాదాల కింద నాలుగు లోహపు రేకులు. కొవ్వును చూసే భాగం ఏదీ లేదు.

ఆ రేకుల్లో రెండు సన్నని కరెంటు పంపుతాయి, మనకు తెలియను కూడా తెలియదు. మిగతా రెండు వోల్టేజి చదువుతాయి. దాన్ని బట్టి శరీరం ఆ కరెంటును ఎంత అడ్డుకుందో తెలుస్తుంది. ఉప్పు కలిసిన నీరు కరెంటును బాగా పోనిస్తుంది, కొవ్వు పోనివ్వదు. యంత్రం కొలిచింది ఈ అడ్డు ఒక్కటే. దాన్నుంచి నీరు ఎంతో అంచనా, నీటి నుంచి కండ ఎంతో అంచనా, మొత్తం బరువులోంచి కండను తీసేస్తే మిగిలింది కొవ్వు. కొవ్వు అనే అంకె చివర మిగిలిన చిల్లర లాంటిది. ముందు మెట్లలో జరిగిన తప్పంతా వచ్చి దాని ఖాతాలో పడుతుంది.

ఇప్పుడు మీ అమ్మాయి లెక్క. మొదటి వారం ఒంట్లో నీరు చేరింది. కాళ్లలో నీరుంటే అడ్డు తగ్గుతుంది. "ఓహో, కండ పెరిగింది" అనుకుంది కాటా. రెండో వారం ఆ నీరు మూత్రంగా పోయింది. అడ్డు పెరిగింది. "కండ తగ్గింది, అయితే మిగిలింది కొవ్వే" అనుకుంది. మేజోళ్ల గీత, రాత్రి బాత్రూము, ఈ రెండూ మీరే రాశారు. జవాబు మీ ప్రశ్నలోనే ఉంది అమ్మా.

ఇంకో సంగతి. పాదాల కాటాలో కరెంటు ఒక కాలు ఎక్కి, రెండో కాలు దిగిపోతుంది. నడుము పైన ఏముందో దానికి తెలియదు. చేతులకు, కాళ్లకు కూడా ఎలక్ట్రోడ్లు పెట్టే ఆసుపత్రి యంత్రాల్లోనూ చిక్కుంది. మొండెం ఒంటి బరువులో దాదాపు సగం ఉన్నా, లావుగా పొట్టిగా ఉంటుంది కాబట్టి మొత్తం అడ్డులో దాని వాటా పదో వంతు మాత్రమే. కడుపులో లీటర్ల నీరు చేరినా అంకె పెద్దగా కదలదు.

---

బోరు పాయింటు (పలమనేరు), మంగళవారం ఉదయం 11:30

వైద్యం నాకు తెలియదు కానీ ఎలక్ట్రోడు గారు చెప్పింది చదివి నవ్వొచ్చింది. ఇది మా పనే!

బోరుకు పాయింటు చూసేటప్పుడు మేము కూడా భూమిలో నాలుగు కడ్డీలు దిగ్గొడతాం. బయటి రెండింటిలో కరెంటు, లోపలి రెండింట్లో వోల్టేజి. అడ్డు తక్కువగా ఉన్నచోట నీరుందని అంచనా. కానీ బంకమట్టి ఉన్నా అడ్డు తక్కువే, ఉప్పునీరున్నా తక్కువే. మా వైపు వెయ్యి అడుగులు దింపి దుమ్ము లేపిన బోర్లు ఎన్నో చూశాను. మీటరు తప్పు చెప్పలేదు, మీటరు చెప్పిన దానికి మనిషి నీరు అని పేరు పెట్టాడు.

అందుకే అనుభవం ఉన్నవాడు మీటరుతో పాటు పక్క పొలంలో బావి, చెట్లు, రాతి తీరు కూడా చూస్తాడు.

---

విశ్రాంత భౌతికం (తిరుపతి), మంగళవారం సాయంత్రం 4:45

ముప్పై నాలుగేళ్లు ఫిజిక్స్ పాఠం చెప్పిన వాడిని, సుద్దముక్క లేకుండా మాట్లాడలేను. ఓపిక పట్టండి.

నీటి నుంచి కండకు వెళ్లే మెట్టు దగ్గర ఒక అంకె కూర్చుని ఉంది: 73. కొవ్వు తీసేయగా మిగిలిన శరీరంలో, అంటే కండ, ఎముక, అవయవాలు అన్నీ కలిపి, నూటికి 73 పాళ్లు నీరే అన్నది సూత్రం. 1940ల్లో జంతువుల మీద చేసిన కొలతలతో ఇది స్థిరపడింది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల విషయంలో ఆశ్చర్యంగా సరిపోతుంది కూడా. ఇంటి కాటా ఈ 73ను బయటికి చెప్పకపోయినా, దాని సూత్రం తయారైన కొలతల్లో ఇది దాగి ఉంటుంది.

ఊహకు ఒక మనిషిని తీసుకుందాం. ఒంట్లో 30 లీటర్ల నీరుందని కచ్చితంగా తెలుసు. 30ని 0.73తో భాగిస్తే కొవ్వు కాని శరీరం 41.1 కిలోలు. కానీ చిక్కిపోయిన మనిషిలో కణాలు కుంచించుకుపోయి, కణాల బయటి నీటి వాటా పెరుగుతుంది. అప్పుడు నిష్పత్తి 73 కాకుండా 78 అయిందనుకోండి. 30ని 0.78తో భాగిస్తే 38.5. తేడా 2.6 కిలోలు. ఈ 2.6 కిలోలు లేని కండగా చూపించి, ఉన్న కొవ్వులోంచి తీసేస్తారు. అసలే కొవ్వు తక్కువున్న మనిషికి ఇది చిన్న పొరపాటు కాదు. కొన్నిసార్లు లెక్క సున్నాకు కిందికి కూడా పోతుంది.

నీటినే సరిగ్గా కొలిచే పద్ధతి ఒకటుంది, చాలా అందమైనది. మీ ఇంటి సంపులో ఎన్ని నీళ్లున్నాయో తెలియదు. తూచిన ఉప్పు ఒక గుప్పెడు వేసి, బాగా కలియబెట్టి, ఒక గ్లాసు తీసి అందులో ఉప్పెంతో చూస్తే సంపు ఎంతో తేలిపోతుంది. మనిషికి ఉప్పు బదులు భారజలం. 1931లో హెరాల్డ్ యూరీ అనే శాస్త్రవేత్త డ్యుటీరియం, అంటే బరువైన హైడ్రోజన్, కనిపెట్టారు; అది ఉన్న నీరే భారజలం. 1934లోనే హెవెసీ, హోఫర్ దాన్ని తాగించి ఒంట్లోని నీటిని లెక్కగట్టారు. మన మణుగూరు ప్లాంటులో తయారయ్యేది ఈ భారజలమే, అక్కడ అణు రియాక్టర్ల కోసం. రేడియోధార్మికత లేదు, కొలతకు వాడే కొద్ది మోతాదు హానికరం కాదు. తాగక ముందు ఒకసారి, మూడు నాలుగు గంటలయ్యాక ఒకసారి లాలాజలమో మూత్రమో తీసుకుంటారు. డ్యుటీరియం కొంత ప్రొటీన్లలోకి కూడా చేరుతుంది కాబట్టి ఫలితంలోంచి సుమారు నాలుగు శాతం తగ్గిస్తారు.

అయితే ఇంత చేసినా తెలిసేది నీరే. నీటి నుంచి కొవ్వుకు వెళ్లాలంటే మళ్లీ ఆ 73 దగ్గరికే రావాలి! అందుకే పరిశోధనల్లో బరువు, శరీర ఘనపరిమాణం, డ్యుటీరియంతో నీరు, డెక్సా అనే ఎక్స్‌రే స్కానుతో ఎముక ఖనిజం, ఈ నాలుగూ విడివిడిగా కొలిచి కలుపుతారు. ఊహలు తగ్గుతాయి, ఖర్చు పెరుగుతుంది. ఇంట్లో పెట్టుకునే వ్యవహారం కాదు.

---

విశ్రాంత భౌతికం (తిరుపతి), బుధవారం ఉదయం 7:10

రాత్రి నిద్ర పట్టలేదు. మా అల్లుడు కొనిచ్చిన కాటా ఇంట్లో ఉంది. పొద్దున ఒక ప్రయోగం చేశాను.

ఎక్కాను, దిగాను. యాప్‌లో నా వయసు 66 తీసేసి 26 అని పెట్టాను. వెంటనే మళ్లీ ఎక్కాను. కొవ్వు నాలుగు శాతం తగ్గింది. నలభై ఏళ్ల యౌవనం కూడా ఉచితం. అంటే జవాబులో చాలా భాగం ఒంట్లోంచి కాకుండా, మనం ముందే నింపిన వయసు, ఎత్తు, ఆడ మగ వివరాల నుంచి వస్తోంది.

వయసు మళ్లీ సరిచేసి, అర లీటరు మంచినీళ్లు తాగి ఎక్కాను. అర కిలో పెరిగాను, న్యాయమే. కానీ అందులో సగానికి పైగా కొవ్వు ఖాతాలో వేసింది. నీళ్లింకా కడుపులోనే ఉన్నాయి, కాళ్లలోకి రాలేదు కదా. మంచినీళ్లను కొవ్వుగా మార్చే విద్య నాకు ఈ వయసులో పట్టుబడింది.

---

మెట్లదారి (తిరుపతి), బుధవారం ఉదయం 8:00

మాస్టారూ, నమస్కారం. నెలకోసారి అలిపిరి మెట్ల మీదుగా కొండెక్కుతాను, 3550 మెట్లు. పోయినసారి ఇంటికి రాగానే కాటా ఎక్కితే కిలోకు పైగా తగ్గాను, అందరికీ చెప్పుకుని తిరిగాను. స్నానం చేసి, భోజనం చేసి, పడుకుని లేచేసరికి బరువు మళ్లీ వెనక్కి వచ్చింది. కొవ్వు అంకె ఒక్క పూటలో మూడు రకాలుగా మారింది. అప్పుడు అర్థం కాలేదు, ఇప్పుడు సిగ్గేస్తోంది.

---

ఉక్కుభుజం (తిరుపతి), బుధవారం మధ్యాహ్నం 12:30

సరే, ఈ అమ్మాయి విషయంలో నేను తొందరపడ్డాను. మోడరేటర్ గారూ, వ్యాయామం మాట తీసేయండి. కానీ ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు కాటా పనికిరాదంటే ఒప్పుకోను. ప్రతిరోజూ ఒకే వేళకు, పరగడుపున ఎక్కితే నెలల మీద మార్పు తెలుస్తుంది.

---

ఎలక్ట్రోడు (చిత్తూరు), బుధవారం మధ్యాహ్నం 1:10

ఆరోగ్యవంతుల్లో నెలల మీద వచ్చే మార్పు వరకు నేనూ ఒప్పుకుంటాను. ఒంట్లో నీటి నిష్పత్తి నిలకడగా ఉంటేనే ఆ పోలిక చెల్లుతుంది. ఈ జబ్బులో మొదట కదిలేదే అది.

ఆసుపత్రుల్లో కొన్నిచోట్ల ఇంకొంచెం తెలివైన పద్ధతి వాడతారు. తక్కువ పౌనఃపున్యంలో, అంటే దిశ నెమ్మదిగా మారుతున్నప్పుడు, కరెంటు కణాల చుట్టూ తిరిగి పోతుంది, ఎక్కువ పౌనఃపున్యంలో కణాల గోడలు దాటి లోపలికి వెళుతుంది. రెండూ పోలిస్తే కణాల బయట నీరెంతో, లోపల ఎంతో కొంత తెలుస్తుంది. ఇటలీలో పిక్కోలీ బృందం 1994లో ఇంకో దారి చూపింది: కిలోలుగా మార్చే సూత్రమే మానేసి, యంత్రం కొలిచిన అడ్డులోని రెండు భాగాలను నేరుగా పటం మీద గుర్తిస్తారు. చుక్క ఏ దిక్కుకు జరిగితే నీరు చేరుతోందో, ఏ దిక్కుకైతే పోతోందో తెలుస్తుంది. కొవ్వు అనే మాటే రాదు. నాకు అది నిజాయతీగా అనిపిస్తుంది.

---

తెల్లకోటు (చిత్తూరు), బుధవారం రాత్రి 9:25

డ్యూటీ దిగి ఇప్పుడే చూశాను. జనరల్ మెడిసిన్ వైద్యురాలిని. అమ్మా, మీ అమ్మాయిని నేను చూడలేదు కాబట్టి పొడిగానే చెబుతాను, మీ డాక్టరు మాటే మీకు ప్రమాణం.

చాలాకాలం తినని శరీరం తినడం మొదలుపెడితే మొదట చేరేది నీరే. ఇన్సులిన్ పెరుగుతుంది, అది కిడ్నీల చేత ఉప్పును పట్టి ఉంచుతుంది, ఉప్పు వెంట నీరు. కాలేయం, కండరాల్లో ఖాళీ అయిన గ్లైకోజన్ (ఒంట్లో దాచుకునే చక్కెర) నిల్వలు నిండుతాయి. ఒక్కో గ్రాము గ్లైకోజన్ సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకుని కూర్చుంటుంది. వాంతులు, విరేచనాల మాత్రల అలవాటు ఉండి మానేసిన వాళ్లలో వాపు ఇంకా ఎక్కువ. అందుకే మొదటి రెండు మూడు వారాల బరువును చూసి "కొవ్వు చేరింది" అనడం ఎంత తప్పో, "కోలుకుంది" అనడం కూడా అంతే తప్పు.

ఇది కొత్త సంగతి కాదు. 1944, 45లలో అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకులను, వాళ్ల ఇష్టంతోనే, 24 వారాలు అర్ధాకలితో ఉంచారు. బరువులో దాదాపు నాలుగో వంతు పోయింది. ఒళ్లు ఎండిపోతూనే కాళ్లకు నీరు పట్టింది. కండ, కొవ్వు కరిగిన చోట నీరు నిలిచి, అసలు నష్టం ఎంతో తూకానికి తెలియకుండా చేసింది.

దయచేసి వాపు చూసి ఇంట్లో పెద్దవాళ్ల నీరు తగ్గే మాత్ర ఇవ్వకండి. పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది. ఇప్పుడు చూడవలసినవి వేరు: నాడి, పడుకున్నప్పుడు నిలబడినప్పుడు బీపీ, రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం, ఈసీజీ. ఆకలితో ఉన్న కణాలు తిండి అందగానే రక్తంలోని ఫాస్ఫేట్‌ను లోపలికి లాగేసుకుంటాయి, అది మరీ పడిపోతే ప్రాణానికే ముప్పు. కొద్ది రోజులు మానేసి మళ్లీ ఒక్కసారిగా తినిపించినా ఆ ప్రమాదముంది. ఆదివారం నుంచి మజ్జిగ మీదే ఉందంటే రేపు ఉదయమే తీసుకెళ్లండి. ఆయాసం, గుండెదడ, మాట తడబడటం, కళ్లు తిరిగి పడటం, వీటిలో ఏది కనిపించినా ఉదయం దాకా కూడా ఆగవద్దు.

---

మళ్లీ మొలక (తిరుపతి), బుధవారం రాత్రి 11:50

అమ్మా, ఇంత లెక్కా మీ అమ్మాయికి చెప్పినా నమ్మకపోవచ్చు. నేనైతే నమ్మేదాన్ని కాదు. 73ను పట్టుకుని ఇంకో లెక్క మొదలుపెట్టేదాన్ని. నాకు అంకె అంటే జవాబు కాదు, తీర్పు. తూకం రోజున ఆసుపత్రి వాళ్లను నీళ్లతో మోసం చేయబోయి సోడియం పడిపోయి ఫిట్స్ తెచ్చుకున్న మనిషిని నేను. అది నా తెలివి అనుకునేదాన్ని.

నాకు పనికొచ్చింది ఒకటే. కాటాకు వీపు పెట్టి నిలబడటం. నర్సమ్మ అంకె చూసి రాసుకునేది, నాకు చెప్పేది కాదు. మొదట గొడవ చేశాను, ఏడ్చాను. మూడో నెలకు అలవాటైంది. ఇంట్లో కాటా లేదు, మా అన్నయ్య దాన్ని తీసుకెళ్లి తన ఆఫీసులో పెట్టేశాడు.

ఇంకోమాట. "ముఖం నిండింది" అని ఆమె ముందు అనకండి. మీకది సంతోషం. ఆమెకు వినిపించేది వేరు. చుట్టాలకు కూడా ముందే చెప్పి ఉంచండి, ముఖ్యంగా అత్తగారికి.

---

పద్మావతిపురం అమ్మ (తిరుపతి), శుక్రవారం రాత్రి 9:30

నిన్న పొద్దున్నే తీసుకెళ్లాం. ఫాస్ఫేట్ కొంచెం తగ్గిందన్నారు, మందు ఇచ్చారు, ఒక రాత్రి ఉంచుకుని ఈ మధ్యాహ్నం పంపారు. మళ్లీ కొద్దికొద్దిగా, గంటలు చూసుకుని పెట్టమన్నారు. తెల్లకోటు గారూ, మీరు రాయకపోతే సోమవారం దాకా ఆగేదాన్ని.

కాటా మావారు కట్టేసి దాచారు. ఎక్కడ అని నాకూ చెప్పలేదు. ఇకపై తూకం ఆసుపత్రిలోనే, వెనక్కి తిరిగి.

మాస్టారి నీళ్ల ప్రయోగం మాత్రం పాపకు చదివి వినిపించాను. ఆ 26 ఏళ్ల దగ్గర పెదవి కొంచెం కదిలింది. "వయసు మారిస్తే కొవ్వు పోతుందా" అని ఫోను తీసుకుని తనే మళ్లీ చదువుకుంది. ఆ తర్వాత రాగిజావ సగం గ్లాసు తాగింది. అంతకు మించి ఏమీ అనలేదు, నేనూ అడగలేదు.

తులాభారం సంగతి మీరెవరూ రాయలేదు, మొహమాటపడ్డారనుకుంటాను. ఇందాక నేనే అన్నాను, అది ఇప్పుడు వద్దులే తల్లీ, స్వామి ఏమీ అనుకోడు అని. కాసేపు పైకప్పు చూస్తూ పడుకుని, "మొక్కుకుంది ఎవరు?" అంది. నేనే అన్నాను. "అయితే నువ్వే కూర్చో. బెల్లం ఎక్కువే పడుతుంది" అంది.

---

విశ్రాంత భౌతికం (తిరుపతి), శుక్రవారం రాత్రి 9:52

బయలుదేరే ముందు నీళ్లు తాగకండమ్మా, బెల్లం వృథా.

---

బోరు పాయింటు (పలమనేరు), శనివారం ఉదయం 6:15

బెల్లం మావైపు నుంచి పంపిస్తాను. ఎంత కావాలో మాత్రం అడగను.